ముందు బ్రేకు లేని సైకిలు

మూఢనమ్మకం మీ ఇంట్లో ఏ మూల ఉంటుంది?

దేవుడి గూట్లో ఉంటుందంటారు మీరు. గుమ్మానికి వేలాడే గుమ్మడికాయలో, పిల్లవాడి మొలతాడుకు కట్టిన తాయెత్తులో, బల్లి పడిన భుజం మీద ఉంటుందంటారు. వెతకండి, దొరుకుతుంది. కాని అక్కడ దొరికేది ముసలిది, పళ్ళూడిపోయింది. దాన్ని వేదిక మీదికి ఈడ్చుకొచ్చి నాలుగు దెబ్బలు వేయడం ఎవరికైనా చేతనవుతుంది. నాకూ అవుతుంది. పళ్ళున్నది వేరే చోట ఉంటుంది. దానికి దేవుడి పేరుండదు, మంత్రముండదు. కన్నతల్లి గొంతుతో మాట్లాడుతుంది. దాని మీద చెయ్యెత్తితే అమ్మ మీద చెయ్యెత్తినట్టే ఉంటుంది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, ఒక మనిషి వల్ల తెలిసింది. ఆ మనిషి పోయి ఏళ్ళయింది.

మొన్న అఫ్జల్‌గంజ్‌లో సైకిలు సామాన్ల దుకాణాల వెంట నడుస్తుంటే ఒకచోట అద్దాల బీరువాలో విదేశీ రేసు సైకిలు సామాను కనిపించింది. గొలుసును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకో పళ్ళచక్రం మీదికి నెట్టే గేరు, దాని మీటలు, రెండు వైరు బ్రేకులు, అన్నీ ఒకే కంపెనీవి. బంగారు దుకాణంలో హారం పరిచినట్టు ఒకే పెట్టెలో పరిచి పెట్టారు. నేను ఆగడం చూసి దుకాణదారు, "క్యా హోనా సాబ్? పూరా సెట్ హై. గేర్ భీ, బిరేక్ భీ" అన్నాడు. ఏమీ వద్దన్నాను. "దేఖో, దేఖో. దేఖ్‌నే కో క్యా జాతా" అని, చూస్తే పోయేదేముందన్నట్టు నవ్వాడు.

ఆ అద్దానికి ముక్కు ఆనించి, ఊపిరితో అద్దం మసకబారేదాకా చూసే ఆ మనిషి నా పక్కన ఉండాలి. ఉంటే దుకాణదారుకు పని పడేది. "గేర్లు ఒకడు మంచిగ చేస్తడు, బ్రేకులు ఇంకొకడు మంచిగ చేస్తడు. ఒక్క తల్లి పిల్లలే ఒక్క తీరుండరు, ఒక్క కంపెనీ సామానంత ఒక్క తీరెట్లుంటది భాయ్? విప్పు, చూపెట్టు" అనేవాడు. విప్పించేవాడు కూడా. కొనేవాడు మాత్రం కాదు.

ఆయనది గౌలిపుర. పాలవాళ్ళ కుటుంబం. ఇంట్లో తల్లి, తమ్ముడు, బర్రెలు. తండ్రి ఎప్పుడో పోయాడు. బర్రెల పని, పాలు పోసే పని తమ్ముడిది. ఈయన మెట్రిక్ గట్టెక్కి ఒక సర్కారు ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తాగా చేరాడు. పొట్టి మనిషి, ఎత్తు నల్ల సైకిలు. సీటు అడుగంటా దించుకున్నా కాలి మునివేళ్ళే నేలకు తగిలేవి. ప్యాంటు గొలుసులో పడకుండా కుడి కాలికి పెట్టుకునే క్లిప్పు రోజంతా అలాగే ఉండేది. ఆఫీసులోనూ, పెళ్ళిళ్ళలోనూ. ఒకసారి మా మిత్రుడి పెళ్ళి ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఈయన కాలి క్లిప్పు మాత్రం తళుక్కున మెరిసింది.

బెల్లు కొట్టేవాడు కాదు. అడిగితే, "బెల్లు గొట్టెటోడు బ్రేకు మీద భరోస లేనోడు సారూ. నువ్వు తప్పుకో, నాతోని గాదు అని ముందుగాల్నే చెప్పుకుంటుండన్నట్టు" అనేవాడు. ఆ మాట తప్పని నేను ఎంత వాదించినా దిగివచ్చేవాడు కాదు. మొండివాడు. తన గొప్ప తనకు బాగా తెలిసినవాడు. వాదనలో ఓడిపోతున్నట్టు అనిపిస్తే చాయ్ చల్లారిందని గొడవ పెట్టుకుని మాట మార్చేవాడు.

అప్పట్లో ఆదివారాలు మొఘల్‌పురాలో ఒక మేడగదిలో మా చర్చలు జరిగేవి. దేవుడు, దయ్యం, జాతకం, బాణామతి, వీటి మీద నేను మాట్లాడేవాణ్ణి. ఒకరోజు దయ్యాల మీద నా ఉపన్యాసం అయ్యాక చప్పట్లు ఇంకా ఆగకముందే వెనక బెంచీలోంచి ఈయన లేచాడు.

"మంచిగ చెప్పిన్రు సారూ. గని, ఇది వానల చూసిన్రా?"

నాకు అర్థం కాలేదు. ఏ వాన అన్నాను.

"ఎండల అన్ని బ్రేకులు పడ్తయ్. గుడ్డోడు గూడ ఆపుతడు. వాన పడ్డప్పుడు, రిమ్ము తడిసినప్పుడు ఏది పడ్తదో అదే బ్రేకు. మీ మాట గూడ గంతే. గిక్కడ ఫ్యాను కింద కూసోని దయ్యం లేదంటె అందరు ఔనంటరు. ఇంట్ల పోరనికి జరమొచ్చి, ముసల్ది ఏడ్సుకుంట భూతవైద్యున్ని పిల్వుమన్ననాడు అనుండ్రి. గప్పుడు చూద్దం."

సభ నవ్వింది. నేనూ నవ్వాను. అంతకన్నా మంచి విమర్శ నా ఉపన్యాసాలకు ఎప్పుడూ రాలేదు. ఆ రోజు నుంచి ఇద్దరం స్నేహితులమయ్యాం. "వానల చూసినవా?" అన్నది ఆయన ఊతపదం. పెళ్ళి సంబంధం గురించి చెప్పినా, ఎన్నికల వాగ్దానం గురించి చెప్పినా, కొత్త చెప్పులు చూపించినా అదే ప్రశ్న.

సైకిళ్ళ పిచ్చి ఎక్కడిదో చెప్పలేదు. నేను అడగలేదు. ఎక్కడ సైకిలు నిలబెట్టి ఉన్నా దాని బ్రేకు పిడి నొక్కి చూడకుండా దాటేవాడు కాదు. ఒకసారి సినిమా టాకీసు సైకిల్ స్టాండులో వరసగా నొక్కుకుంటూ పోతుంటే ఒకాయన వచ్చి కాలరు పట్టుకున్నాడు.

"క్యా కర్‌రే మియా?"

"బిరేక్ దేఖ్‌రూఁ."

"ఖరీద్‌తే క్యా?"

"నై భాయ్. ఆప్ మర్‌నా నై బోల్‌కే దేఖ్‌రూఁ."

కొనడానికి కాదు, మీరు చావకూడదని చూస్తున్నాను అంటే ఏ మనిషైనా ఏమంటాడు? ఆయన కాలరు వదిలి, తన సైకిలు బ్రేకు తానే నొక్కి చూసుకున్నాడు. రబ్బరు అరిగి ఇనుము బయటపడి ఉంది. సినిమా వదిలేసి ఇద్దరూ కలిసి రబ్బర్లు వేయించుకోవడానికి వెళ్ళారు. ఆయన టికెట్టు నా చేతిలోనే ఉండిపోయింది.

ఇరానీ హోటల్లో బల్ల మీద సాసరు చక్రమయ్యేది, స్పూను బ్రేకయ్యేది. పాత కడ్డీ బ్రేకు మంచిదా, కొత్త వైరు బ్రేకు మంచిదా అని ఆయనతో ఆయనే వాదించుకునేవాడు. కడ్డీ తెగదు, కాని ఒక చోట వంగితే అన్ని చోట్లా వంకర పోతుంది. వైరు సుతారంగా లాగుతుంది, కాని ఎప్పుడు తెగుతుందో చెప్పదు. "కడ్డీ మామ లెక్క సారూ, సతాయిస్తడు గని ఇడ్సిపెట్టడు. వైరు దోస్తు లెక్క, మస్తు ఉంటడు, ఒకనాడు చెప్పకుంట పోతడు." గేర్ల సంగతి మొదలైతే ఇక చాయ్‌లు లెక్కలేదు. ఆయన సైకిలుకు మూడు గేర్ల ఇంగ్లీషు హబ్బు ఉండేది. వెనక చక్రం నడిబొడ్డులో డబ్బాలా ఉండి, గేర్లన్నీ లోపల దాచుకునే రకం. ఎక్కడో పాతది సంపాదించి తానే ఎక్కించుకున్నాడు. దాని మీద ఈగ వాలితే ఒప్పుకునేవాడు కాదు.

అలాంటిది, దుబాయిలో పనిచేసి వచ్చిన కుర్రాడొకడు జపాను సైకిలు తెచ్చి మా హోటలు ముందు నిలబెట్టాడు. నల్లకళ్ళద్దాలు, పూల చొక్కా.

"పది గేర్లన్నా. నీ మూడు గేర్ల డబ్బా ఏడ, గిదేడ?"

"పదిట్ల నీకు గీ గల్లీల ఎన్నింటితోని పనివడ్డది?"

కుర్రాడు తల గోక్కున్నాడు. "రెండు."

హోటలంతా నవ్వింది. ఈయన నవ్వలేదు. సైకిలు అడిగి తీసుకుని శాలిబండ ఎత్తు ఎక్కి, దిగి వచ్చాడు. చెమట తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు. "ఎక్కనీకి దీన్ని మించింది లేదు. దీని ముందల నాది ఎడ్లబండి, ఒప్పుకుంటున్న. గని ఒక్కటి. గేరు మార్చాలంటె చెయ్యి హ్యాండిలు మీదికెల్లి తీసి కింది కడ్డీ దాంక పోవాలె. గంతల మేక అడ్డమొస్తది. ఇంకోటి, తొక్కుతుంటెనే మారుతది, నిలబడితె మారది. నాది నిలబడి మార్చుకోవచ్చు. మన దిక్కు నిలబడుడే ఎక్కువ గద."

"బ్రేకు సంగతి చెప్పన్నా" అన్నాడు కుర్రాడు.

ఈయన హోటలు తొట్టిలోంచి మగ్గుతో నీళ్ళు తెచ్చాడు. జపాను సైకిలు వెనక చక్రం లేపి తిప్పి, రిమ్ము మీద నీళ్ళు పోసి, బ్రేకు నొక్కాడు. చక్రం కొంచెం జారి ఆగింది. తెల్లగా, మెరుపు లేని అల్యూమినియం రిమ్ము అది. తర్వాత తన సైకిలు. నిత్యం గుడ్డపెట్టి తుడిచే ఉక్కు రిమ్ము, ముఖం చూసుకోవచ్చు. నీళ్ళు పోసి బ్రేకు నొక్కాడు. రబ్బరు కీచుమని ఏడ్చింది. చక్రం తిరుగుతూనే ఉంది. ఇంకా గట్టిగా నొక్కాడు. తిరుగుతూనే ఉంది.

"మనయి మెరుస్తయ్ సారూ," అన్నాడు మెల్లగా. "పట్టయ్."

అప్పుడు గమనించాను నేను, ఆయన సైకిలుకు ఉన్నది వెనక బ్రేకు ఒక్కటే. హ్యాండిలుకు ఎడమవైపు ఒకే పిడి, ముందు ఫోర్కు బోసి. ఊళ్ళో ప్రతి బ్రేకూ నొక్కి చూసే మనిషి సైకిలుకు ముందు బ్రేకు లేదు. ఇదేమిటని అడిగాను. చాయ్ చల్లారిందని గొడవ పెట్టుకోబోయి, మానేసి, చెప్పాడు.

తండ్రి కూడా పాలు పోసేవాడు. ఆ గల్లీలో అందరిలాగే హ్యాండిలుకు రెండు వైపులా పాల క్యాన్లు వేలాడదీసుకుని వెళ్ళేవాడు. ఒకరోజు వాలులో కుక్క అడ్డం వచ్చింది. కంగారులో ముందు బ్రేకు ఒక్కటే బలంగా నొక్కాడు. బరువంతా ముందే ఉంది. వెనక చక్రం లేచి, మనిషి క్యాన్ల మీంచి తలకిందులుగా పడ్డాడు. లేవలేదు. దినాలయ్యాక తల్లి ఆ సైకిలు ముందు బ్రేకును చేతులతో పీకి తీసుకెళ్ళి మూసీలో పారేసింది. నా ఇంట్లో ఇంకెవరి సైకిలుకూ ముందు బ్రేకు ఉండొద్దంది. చూసినవాళ్ళంతా భయపడ్డారు. ఒక్కొక్కరే తీయించేశారు. కొన్నాళ్ళకు ఆ గల్లీలో పాలవాళ్ళ సైకిలు ఏదైనా సరే, కొత్తది కొన్నా సరే, ముందు బ్రేకు విప్పేశాకే గడప దాటేది. ఎందుకని కొత్త తరం అడగలేదు. ముందు బ్రేకు మనిషిని తింటుంది, అంతే.

చదువరీ, ఇక్కడ ఆగి చూడండి. వాళ్ళు బ్రేకును తీసేశారు. క్యాన్లను మాత్రం హ్యాండిలుకే ఉంచారు. చంపిన బరువు అక్కడే వేలాడుతోంది. ఆపగల బ్రేకు నదిలో ఉంది. తాయెత్తుకూ దీనికీ తేడా చెప్పండి నాకు. తాయెత్తు కట్టుకున్నవాడికి కనీసం ఏమీ పోదు.

"నీకు తెలిసి గూడ గిట్లనే తొక్కుతున్నవా?" అన్నాను.

"నాది పోనియ్ సారూ. నేను సంచి ఏస్కోని డ్యూటీకి పోత. తమ్ముడు దినాం తెల్లారంగ నిండు క్యాన్లతోని శాలిబండ దిగుతడు. వాని ఫికరే నాకు." సాసరు పక్కకు నెట్టాడు. "గీ వానకాలం లోపల వానికి ముందు బ్రేకు పెట్టిస్త. అమ్మను ఒప్పిస్త. చూపెట్టి ఒప్పిస్త."

చూపించాడు. అదే మా మనిషి చేసిన పొరపాటు. ఎదుటివాడికి సాక్ష్యం చూపిస్తే చాలు, నమ్ముతాడు అనుకునే మనబోటివాళ్ళు మాత్రమే చేసే పొరపాటు.

వాళ్ళ ఇంటి ముందు గల్లీ కొంచెం వాలుగా ఉంటుంది. ఒక ఆదివారం అక్కడ సుద్దతో అడ్డగీత గీశాడు. మెకానిక్కు దగ్గర రెండు బ్రేకులూ ఉన్న సైకిలు తెచ్చాడు. వెనక క్యారియర్‌కు నీళ్ళు నింపిన క్యాన్లు కట్టాడు. పాలవాళ్ళంతా వచ్చారు. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడ్డారు. తల్లి కూడా గడప మీద కూర్చుంది.

మొదట వెనక బ్రేకు ఒక్కటే వేశాడు. గీత దగ్గర నొక్కితే సైకిలు గీత దాటి, ఆవల నిలబడ్డ బర్రె దాకా పోయింది. రెండోసారి రెండు బ్రేకులూ కలిపి వేశాడు. గీత దాటిన వెంటనే ఆగింది.

"అన్నా, నీ సర్కస్ నీకొస్తది. మాకెట్లొస్తది?" అన్నాడొకడు.

"నువ్వు గూడ తొక్కు రా!"

తొక్కాడు. అతనిదీ ఆగింది. నలుగురైదుగురు తొక్కారు. అందరివీ ఆగాయి. గుసగుసలు మొదలయ్యాయి. ఒక పెద్దాయన మెత్తబడి, "నిజమేనేమోరా" అన్నాడు. తమ్ముడు నవ్వుతూ తల్లి వైపు చూశాడు. అక్కడితో ఆపి ఉంటే!

ఆపలేదు. సత్యం సగం చెప్పడం ఆయనకు చేతకాదు. "మరి బాపు ఎట్ల పోయిండంటరా? గది గూడ చూపెడ్త" అంటూ క్యాన్లను క్యారియర్ మీంచి విప్పి హ్యాండిలుకు వేలాడదీశాడు. వాలులో వచ్చి ముందు బ్రేకు ఒక్కటే నొక్కాడు. వెనక చక్రం గాల్లోకి లేచింది. ఆయన ముందే సిద్ధంగా ఉన్నాడు కాబట్టి పక్కకు దూకేశాడు. క్యాన్లు దొర్లి జనం మీద నీళ్ళు పడ్డాయి. అందరూ కేరింతలు. తడిసిన చొక్కాతో లేచి, గెలిచినవాడిలా చేతులెత్తి అరిచాడు. "చూసిన్రా! గిదే మా బాపును చంపింది. బ్రేకు గాదు! ముందల యేలాడిన బరువు!"

గడప మీంచి ఒక కేక వినిపించింది. తల్లి లేచి నిలబడింది. ఆమెకు బరువు కనబడలేదు, సుద్దగీత కనబడలేదు. లేచిన వెనక చక్రం కనబడింది. తలకిందులవుతున్న కొడుకు కనబడ్డాడు. అన్ని ఏళ్ళుగా కళ్ళు మూసుకుంటే కనబడేదాన్ని పట్టపగలు గల్లీ నడుమ కొడుకే ఆడి చూపించాడు.

ఆ సాయంత్రం నుంచి ఆమె అన్నం ముట్టలేదు. అరవలేదు, తిట్టలేదు. బర్రెలకు మేత వేసి, పాలు పితికి, వచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. తర్కానికి నేను జవాబు చెప్పగలను. తిట్టుకు చెప్పగలను. తినకుండా గోడవైపు తిరిగి పడుకున్న తల్లికి ఏ శాస్త్రంలో జవాబుంది?

కొన్నాళ్ళకు ఆయన హోటలుకు వచ్చాడు. మొహం పీక్కుపోయినా సంతోషంగా ఉన్నాడు. తమ్ముడి సైకిలుకు ముందు బ్రేకు పెట్టించాడట. క్యాన్లు క్యారియర్ మీదికి మారాయట. అమ్మ అన్నం తిన్నదట.

"ఎట్ల ఒప్పుకుంది?"

"ఒప్పుకుంది."

"ఎట్ల?"

సాసరు తిప్పాడు. "ఇద్దరికి పెట్టనియ్యనన్నది. ఒక్కనిదన్న నా మాట మీద ఉండాలె అన్నది. సరే అన్న. తమ్మునికి పెట్టిచ్చిన. నాకు జిందగీల పెట్టుకోనని అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పిన."

నాకు ఒళ్ళు మండింది. "బేరమాడినవా? ఊరోళ్ళ బ్రేకులు నొక్కుకుంట తిరిగెటోనివి, నమ్మకంతోని బేరమాడినవా? నువ్వు బరువు మోస్తలేవు గని, గదే శాలిబండ నువ్వు గూడ దిగుతవు గద! వానల గూడ దిగుతవు గద!"

"నాకు గేర్లున్నయ్ గద సారూ" అన్నాడు నవ్వుతూ.

ఆయన నోటి నుంచి నేను విన్న ఒకే ఒక్క అబద్ధపు వాదన అది. గేరు సైకిలును నడిపిస్తుంది. ఆపదు. ఈ రెంటికీ తేడాను స్పూనూ సాసరూ పెట్టి ఊరందరికీ నేర్పినవాడు ఆయన. "గేరు ఆపుతదా?" అన్నాను.

"ఆపది. గని అమ్మకు గట్ల చెప్పిన. గేర్లున్న బండికి బ్రేకు అక్కెర లేదని చెప్పిన. నమ్మింది. నిమ్మలంగ పండుకుంది." స్పూను బల్ల మీద పెట్టి, "ఒక్కటి గుంజుకోనీకి ఒక్కటి ఇడ్సిన సారూ. తమ్మునిది గుంజుకున్న. చాలదా?" అన్నాడు.

చాలదన్నాను. గొంతు చించుకుని చెప్పాను. ఒక అబద్ధాన్ని గెలవడానికి ఇంకో అబద్ధానికి జీతమివ్వకూడదన్నాను. చాయ్ చల్లారిందని హోటలువాడితో గొడవ పెట్టుకున్నాడు.

ఆ వానాకాలమే పోయాడు.

పొద్దున డ్యూటీకి వెళ్తూ శాలిబండ వాలులో, జోరువానలో. ముందున్న రిక్షా ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. ఆయన బ్రేకు వేశాడు. చూసినవాళ్ళు చెప్పారు, రబ్బరు కీచుమన్న చప్పుడు దూరానికి వినిపించిందని. సైకిలు ఆగలేదు. రిక్షాను తప్పించబోయి, ఎదురుగా వస్తున్న లారీ కిందికి జారాడు. వాన వల్ల ఆ రోజు ఆలస్యమై, వెనకాల కొంచెం దూరంలో పాల క్యాన్లతో తమ్ముడు దిగుతున్నాడు. అదే వాలు, అదే వాన. తమ్ముడు ఆగగలిగాడు.

ముందు బ్రేకు ఉంటే ఆయన బతికేవాడా? నాకు తెలియదు. తెలుసునని చెబితే నేనూ భూతవైద్యుణ్ణే అవుతాను. తడిసిన ఉక్కు రిమ్ము మీద ముందు బ్రేకు కూడా జారేదే. తమ్ముడు వెనక ఉన్నాడు కాబట్టి ఆగడానికి చోటెక్కువ దొరికింది. ఒక్క చావును పట్టుకుని సూత్రం కట్టకూడదు. ఆ తల్లి కట్టింది అలాంటి సూత్రమే కదా. కాని సుద్దగీత ముందు నలుగురూ తొక్కి చూసిన సంగతి నేను మరిచిపోలేను. రెండు బ్రేకులున్నవాడికి ఆగే వీలు ఎక్కువ. ఆ వీలును ఆయన చేతులారా వదులుకున్నాడు. తెలియక వదులుకోలేదు. ఊరందరికన్నా బాగా తెలిసి, ప్రేమ కొద్దీ వదులుకున్నాడు.

దినాలయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో తమ్ముడు పానా పట్టుకుని తన సైకిలు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు బ్రేకు బోల్టు సగం వదులై ఉంది. తల్లి గడప మీద ఉంది.

"ఏం చేస్తున్నవు?" అన్నాను.

తల దించుకునే చెప్పాడు. "అమ్మ తీసెయ్ అంటుంది సారూ."

"ఎందుకమ్మా?" అన్నాను ఆమెతో. "గీ బ్రేకే గద చిన్నోణ్ణి కాపాడింది."

ఆమె నా వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు లేవు, ఎండిపోయాయి. "చిన్నోనికి నా మాట తప్పి పెట్టిన్రు. దానికి పెద్దోణ్ణి తీస్కున్నది" అంది. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు సదువుకున్నోనివి, చెప్పు. ముందు బ్రేకు ఉన్నదని నా పెనిమిటి పోయిండు. లేదని నా కొడుకు పోయిండంటవు. ఉంటె ఒకడు, లేకుంటె ఒకడు. గిప్పుడు ఉన్న గీ ఒక్కనికి ఏం పెట్టాలె, ఏం తియ్యాలె? చెప్పు బిడ్డా."

ఎన్నో సభల్లో ఎందరితోనో వాదించాను. నన్ను ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. ఆమె మూర్ఖురాలు కాదు. ఆమె దగ్గర రెండు చావులున్నాయి, నా దగ్గర ఒక సుద్దగీత ఉంది. అయినా చెప్పాను. నేలమీద కూర్చుని మెల్లగా చెప్పాను. క్యాన్లు ముందుంటే ఏమవుతుందో, వెనకుంటే ఏమవుతుందో, పెద్దబ్బాయి ఆ రోజు గల్లీలో ఎందుకలా చేసి చూపించాడో చెప్పాను. ఉంచుకోవాలమ్మా అన్నాను. రెండూ ఉంచుకోవాలి. ఆమె వింది. మధ్యలో లేవలేదు. అంతా విన్నాక చీర చెంగుతో నోరు మూసుకుని లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

తమ్ముడు పానా తిప్పడం మొదలుపెట్టాడు. చెయ్యి పట్టుకున్నాను.

"ఇడ్సుండ్రి సారూ. అన్న ఉన్నప్పుడే అమ్మతోని గెలవలే. నేనేం గెలుస్త?"

"గెలుసుడు గాదు. నీ పానం."

"నా పానమే సారూ. గని ఆమె తినకుంట సస్తె నేను బతికి ఏం జెయ్యాలె?"

బోల్టు ఊడింది. బ్రేకు, కడ్డీ, రబ్బర్లు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. పారేయలేదు. అదొక్కటే అన్నకు అతను ఇవ్వగలిగిన మర్యాద.

ఇవాళ పొద్దున కూడా అతను శాలిబండ దిగాడు. తెల్లారకముందే, నిండు క్యాన్లతో, వెనక బ్రేకు ఒక్కదానితో. రేపూ దిగుతాడు. ఎప్పుడైనా ఎదురైతే అడుగుతాను. "పెడ్త సారూ, అమ్మ జర కుదుటవడనీ" అంటాడు. అమ్మ కుదుటపడదు. ఆమె కుదుటపడేదాకా వాన ఆగదు.

మీ ఇంట్లో కూడా ఒకరి కన్నీళ్ళకు భయపడి విప్పి అటక మీద పెట్టినది ఒకటుంటుంది. బిడ్డకు వేయించని టీకా కావచ్చు. దిష్టి పేరుతో ఆపేసిన మందు కావచ్చు. పీడకల వచ్చిందని వాయిదా వేసిన ఆపరేషను కావచ్చు. అదేమిటో మీకు తెలుసు. ఈ పేజీ మూయకముందే లేవండి. అటక ఎక్కండి. దాన్ని కిందికి దించండి. బేరమాడకండి, సగం ఇచ్చి సగం పుచ్చుకోకండి, మీ ప్రాణాన్ని ఎదురు పెట్టకండి. అమ్మ ఏడుస్తుంది. ఏడవనివ్వండి. పక్కనే కూర్చోండి, చెయ్యి పట్టుకోండి, ఆమె తినేదాకా మీరూ తినకండి. రెండో చేత్తో బోల్టు బిగించండి.